గెలాక్సీ రాయి మీద జవాను ముఖం వద్దు: చీమకుర్తి స్మారక ఫలకాల పనిపై సమీక్ష

యుద్ధంలో ప్రాణమిచ్చిన తమ ఊరి కుర్రాడికి స్మారకం నిలబెట్టాలనుకుంటే ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లు రాయి కోసం దూరం పోనక్కర్లేదు. ఒంగోలు నుంచి పొదిలి రోడ్డున ఇరవై కిలోమీటర్లు పోతే చీమకుర్తి. నల్లటి రాతిలో బంగారు రవ్వలు మెరిసే బ్లాక్ గెలాక్సీ అక్కడి రామతీర్థం క్వారీల రాయి. రోడ్డు పొడవునా కటింగ్, పాలిషింగ్ యూనిట్లే. ఈ సమీక్ష ఏ ఒక్క యూనిట్ గురించీ కాదు. ఈ రాయీ, ఈ పనీ ఒక జవాను స్మారకానికి ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ చెడతాయి అన్నదే ఇక్కడి విషయం.

మా తీర్పు ముందే చెబుతాం. రాయికి ఐదుకు ఐదు. కోతకూ పాలిష్‌కూ ఐదుకు ఐదు. అక్షరాల పనికి మూడు, అదీ దగ్గరుండి చూసుకుంటేనే. గెలాక్సీ మీద లేజర్‌తో ముఖచిత్రానికి ఒకటి. ఆ చివరి దాని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్మారకానికి వచ్చే తల్లి మొదట చూసేది బిడ్డ ముఖాన్నే.

గెలాక్సీ రాతిలో మెరిసే రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. రాయికి అంత ధర తెచ్చేవి అవే, ముఖచిత్రాన్ని చెడగొట్టేవీ అవే. లేజర్ పని ఎలా జరుగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. అద్దంలా పాలిష్ చేసిన నల్ల రాతి మీద లేజర్ కిరణం తగిలిన చోట పైపొర సన్నగా చిట్లి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ బూడిద చుక్కలు దగ్గరగా పడితే వెలుగు, దూరంగా పడితే నీడ. ముఖం మొత్తం ఈ చుక్కల లెక్క మీదే తయారవుతుంది. రాతిలో అప్పటికే రవ్వలు ఉంటే, చెంప మీద ఒకటి, కంటి గుడ్డులో ఒకటి, పెదవి మూలన ఒకటి తేలతాయి. ఎండ పడ్డప్పుడు లేజర్ గీత వెనక్కి పోతుంది, రవ్వ ముందుకొస్తుంది. చూసేవాడికి మచ్చలున్న ముఖం కనిపిస్తుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద ఇది అంతగా తెలియదు. ఫలకాన్ని పగలు బయటికి తెచ్చి, ఎండలో ఏటవాలుగా నిలబెట్టి చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి రెండు రాళ్లు వాడండి. నిలువు ఫలకం, చుట్టూ ఫ్రేము గెలాక్సీలో పెట్టుకోండి. మన నేల రాయి, బిడ్డకు అది తగిన గౌరవం. ముఖచిత్రానికి మాత్రం రవ్వ లేని నల్ల గ్రానైట్, వ్యాపారంలో జెట్ బ్లాక్, అబ్సొల్యూట్ బ్లాక్ అని పిలిచే రకం, చిన్న పలకగా విడిగా తీసుకోండి. 11 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. దాన్ని గెలాక్సీలో అంతే లోతున తొలిపించిన గూటిలో కూర్చోబెట్టి, నాలుగు మూలల స్టెయిన్‌లెస్ స్టీల్ మరలతో బిగించాలి, అతికించకూడదు. ఎందుకో చివర్లో చెబుతాం.

ఈ చిన్న పలక కొనేటప్పుడు ఒక మోసం ఉంది. తక్కువ రకం బూడిద రాయికి రంగు పట్టించి నల్ల గ్రానైట్‌గా అమ్ముతారు. తెల్ల గుడ్డను థిన్నర్‌లో గానీ అసిటోన్‌లో గానీ ముంచి, పాలిష్ లేని వెనక వైపు గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు రాయి. కొన్నేళ్ల ఎండకు మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది. ఇంకో పరీక్ష నీటి చుక్క. పది నిమిషాలు ఉంచి తుడిస్తే కింద తడి మచ్చ కనబడకూడదు. వెనక ఫైబర్ నెట్ అంటించిన స్లాబు కూడా తీసుకోవద్దు. ఎక్కువగా లోపల పగుళ్లున్న రాయికి నెట్ వేస్తారు. ఇంట్లో వంటగట్టుకు అది నడుస్తుంది, ఎండా వానల్లో నిలబడే ఫలకానికి నడవదు.

ఫొటో సంగతి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో నుంచి మంచి ముఖం రాదు. 11 × 14 అంగుళాల చిత్రానికి కనీసం 1650 × 2100 పిక్సెళ్లు కావాలి. ఇంట్లో ఉన్న అచ్చు ఫొటో, అది పాస్‌పోర్టు సైజుదైనా సరే, 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన, స్కాన్ చేయిస్తే దాదాపు ఆ లెక్క వస్తుంది. యూనిఫాంలో ఉన్న ఫొటో అయితే పేరు పట్టీ జవాను కుడి రొమ్ము మీద, పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉన్నాయో లేదో చూడండి. ఫోన్ సెల్ఫీల్లో కొన్ని తిరగబడి ఉంటాయి, షాపువాళ్లు గమనించరు. మసకగా ఉన్న ఫొటోను ఏఐ యాప్‌లో వేసి స్పష్టం చేయించే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. దయచేసి వద్దు. ఆ యాప్ కళ్లను, పలువరుసను తనకు తోచినట్టు గీస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ముఖం ఆ అబ్బాయిది కాదు, ఇంట్లోవాళ్లు చూడగానే పోల్చుకుంటారు. కొంచెం మసకగా ఉన్నా అసలు ముఖమే మేలు. లేజర్‌కు పంపే ముందు నలుపు తెలుపు ప్రూఫ్‌ను అసలు సైజులో కాగితం మీద తీయించి అమ్మానాన్నలకు, పెళ్లయిన వాడైతే భార్యకు చూపించి ఒప్పించుకోండి. ఊరి పెద్దలు ఒప్పుకుంటే చాలదు.

ఇక అక్షరాలు. లేజర్‌తో అక్షరాలు చెక్కించొద్దు. దాని లోతు మిల్లీమీటరులో ఏ కొంచెమో. దుమ్ము, నూనె పట్టగానే మసకబారుతుంది. స్టిక్కర్ కటింగ్ చేసి ఇసుకతో కొట్టే శాండ్‌బ్లాస్టింగ్ కావాలని అడగండి. పేరుకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల లోతు, మిగతా వాక్యాలకు 2 నుంచి 3. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలి. రోడ్డు మీద పోయేవాడికి ముప్ఫై అడుగుల నుంచి పేరు కనిపించాలంటే మూడు అంగుళాలు. తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది: ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లీషు లెక్కన వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుసకూ వరుసకూ మధ్య కనీసం ఒక అక్షరం ఎత్తంత ఖాళీ వదలమనండి. పెళ్లి శుభలేఖల్లో వాడే సన్న ఫాంట్లు రాతికి పనికిరావు. గీత మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే ఇసుక దెబ్బకు తలకట్టు అంచు రాలిపోతుంది.

తప్పులు ఎక్కువగా పడేది కంప్యూటర్ దగ్గర. ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన పేరును డీటీపీవాళ్లు "అను" అనే పాత తరహా తెలుగు ఫాంట్లలోకి మారుస్తారు. అక్కడ సంయుక్తాక్షరాలు విరుగుతాయి. "లక్ష్మ", "స్వ", "ర్మ" లాంటివి వేరే రూపంలో వచ్చేస్తాయి. రాతి మీద ఒక్క అక్షరం తప్పు పడ్డా చెరపడానికి లేదు. ఫలకం ముందు వైపంతా ఆ లోతు వరకు అరగదీసి, మళ్లీ పాలిష్ పెట్టాలి. అందుకే స్టిక్కర్ రాతికి అంటించాక, ఇసుక కొట్టక ముందు, చదవడం వచ్చిన ఇద్దరు వెళ్లి అక్షరం అక్షరం వేలు పెట్టి సరిచూడాలి. ఇద్దరిలో ఒకరు వెనక నుంచి ముందుకు చదవాలి. అలా చదివితే కళ్లు అలవాటుగా తప్పును దాటిపోవు. కూలీ అక్షరానికి ఇంత అని కడతారు కాబట్టి ఒత్తును విడిగా లెక్కేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. ధర చెప్పేటప్పుడు రాయి, అంచు పాలిష్, గూడు తొలవడం, అక్షరాలు, ముఖచిత్రం, రవాణా, దించి నిలబెట్టడం విడివిడిగా రాయించుకోండి. మొత్తం కలిపి ఇంత అనే చోట నిలబెట్టే పని ఎగిరిపోతుంది.

అక్షరాలకు రంగు నింపే దగ్గర షాపులన్నీ బంగారు ఎనామిల్ అంటాయి. గెలాక్సీ రాతిలో బంగారు రవ్వలుండగా బంగారు అక్షరం కలిసిపోతుంది, పైగా ఎండకు కొన్నేళ్లలోనే పెచ్చులూడుతుంది. తెల్ల రంగు మేలు. అసలు రంగే వేయకుండా ఇసుక కొట్టిన బూడిద రంగును అలాగే వదిలితే ఊడిపోయేదేమీ ఉండదు.

ఏం రాయాలి? ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం గోడలున్నాయి. అక్కడ అమరుల పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కి ఉన్నాయి. కవిత్వం లేదు. పేరు, హోదా, రెజిమెంటు. మన ఊరి రాతికీ అదే పద్ధతి నప్పుతుంది. హోదా సరిగ్గా రాయండి. పదాతి దళంలో సిపాయి, ఫిరంగి దళంలో గన్నర్, ఇంజనీర్లలో సాపర్. అందరినీ "జవాన్" అని తేల్చేయొద్దు, ఆ హోదా అతను కష్టపడి తెచ్చుకున్నది. సైన్యం రికార్డుల్లో ఇంటిపేరు వెనక్కి పోయి ఉండొచ్చు, పొడి అక్షరాలు విప్పి రాసి ఉండొచ్చు. రాతి మీద ఊరు పిలిచిన పేరు, ఇంటిపేరు ముందు పెట్టి రాయండి. కింద సర్వీసు నంబరు వేస్తే రికార్డుతో ముడి పడుతుంది. నంబరు, హోదా, యూనిట్ పేరు అనుమానంగా ఉంటే ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. కుటుంబం దగ్గరున్న కాగితాలు తీసుకెళ్లి సరిచూసుకోండి.

పోయిన చోటు రాయండి. "సరిహద్దులో" అంటే ఏమీ చెప్పనట్టే. ద్రాస్ అయితే ద్రాస్ అని, సియాచిన్ అయితే సియాచిన్ అని. ఆపరేషన్ పేరు తెలిస్తే అదీ: 1999 కార్గిల్ పోరు ఆపరేషన్ విజయ్, 1984లో సియాచిన్‌లో మొదలైంది ఆపరేషన్ మేఘదూత్, 1987లో శ్రీలంకకు వెళ్లింది ఆపరేషన్ పవన్. వయసు అంకెల్లో వేయండి. "24 ఏళ్లు" అన్న మాట బడి పిల్లలకు నేరుగా తగులుతుంది; పుట్టిన తేదీ, పోయిన తేదీ ఇస్తే ఎవరూ తీసివేత చేసుకోరు. మద్రాస్ రెజిమెంటు వాడైతే ఆ రెజిమెంటు నినాదం "స్వధర్మే నిధనం శ్రేయః" తెలుగు లిపిలో వేయొచ్చు. గీత మూడో అధ్యాయంలోని మాట అది, మనవాళ్లకు వివరించక్కర్లేదు. చివర కృతజ్ఞత ఒక్క వాక్యంలో, అతనితోనే మాట్లాడుతున్నట్టు ఉండాలి. "నాయనా, నువ్వు కాచిన నేల మీద మేము నిలబడి ఉన్నాం. ఈ ఊరు నీకు రుణపడింది." ఇలాంటిదేదైనా. ప్రాసలు కలిపిన ఎనిమిది పంక్తుల పద్యం కన్నా ఇది చదివినవాడు ఎక్కువసేపు ఆగుతాడు.

నాయకుల పేర్లు, దాతల పేర్లు ఫలకం వెనక వైపు, అర అంగుళం అక్షరాల్లో. దీని మీద మాకు రెండో మాట లేదు. ఆవిష్కర్త పేరు అమరుడి పేరు కన్నా పెద్దదిగా ఉన్న ఫలకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ముందు వైపు ఆ అబ్బాయి పేరు, అతన్ని కన్నవాళ్ల పేర్లు తప్ప ఇంకెవరివీ ఉండకూడదు.

గుర్తుల విషయంలో షాపువాళ్ల దగ్గర ఉండే రెడీమేడ్ బొమ్మలను నమ్మొద్దు. నాలుగు సింహాల రాజముద్రను సొంతంగా చెక్కించడానికి 2005 నాటి చట్టం ఒప్పుకోదు. జెండా బొమ్మ పెడితే చక్రంలో 24 ఆకులు లెక్కపెట్టండి; స్టిక్కర్ కటింగ్‌లో 16, 20 వేసి వదిలేస్తారు. జెండా మీద అక్షరాలు రాయకూడదు. తలకిందుల తుపాకీ మీద హెల్మెట్ ఉన్న గుర్తు కావాలంటే ఇండియా గేట్ దగ్గర 1972 జనవరి 26న నెలకొల్పిన అమర్ జవాన్ రూపాన్ని చూపించండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలో కింద బూట్లు కూడా ఉంటాయి, తుపాకీ వేరే రకం. అది అమెరికా సైన్యం పద్ధతి. ఆవిష్కరణ రోజు ఫలకాన్ని మువ్వన్నెల జెండాతో కప్పి లాగడం మన దగ్గర మామూలైపోయింది. ఫ్లాగ్ కోడ్ అది తప్పని స్పష్టంగా చెబుతోంది. జెండా పక్కన విడిగా ఎగరాలి, ఫలకానికి వేరే గుడ్డ కప్పాలి.

నిలబెట్టడం. ఐదు అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం గెలాక్సీ ఫలకం దాదాపు 350 కేజీలు తూగుతుంది. చైన్ పుల్లీ గానీ చిన్న క్రేన్ గానీ ముందే మాట్లాడుకోవాలి. అడుగున ఇనుప కడ్డీ పెట్టనివ్వొద్దు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కింది మూలల నుంచి రాయి పగులుతుంది. పైకి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్లు రెండు, రాతిలోకి 6 అంగుళాలు, కాంక్రీటులోకి 6 అంగుళాలు, ఎపాక్సీ జిగురుతో. లోపలి ఊళ్లకు 304 గ్రేడు చాలు. కావలి, ఉలవపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి 316 గ్రేడే కావాలి. ఒంగోలు చుట్టూ నల్లరేగడి నేలయితే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. రెండు అడుగుల పునాది మీద కట్టిన దిమ్మె మూడో ఏటికి ఒరుగుతుంది. నెర్రెలు దిగే లోతు దాటి, అంటే నాలుగైదు అడుగులు తవ్వి, రేగడి తీసేసి గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టి, పైన కమ్మీ కట్టిన కాంక్రీటు పలక పోయాలి. ఎర్రనేలకు మూడు అడుగులు చాలు. కాంక్రీటు పోశాక ఫలకం నిలబెట్టడానికి 28 రోజులు ఆగండి. వర్ధంతికి పదిహేను రోజుల ముందు పని మొదలుపెడితే ఆగడం కుదరదు, పనంతా అక్కడే చెడుతుంది. రెండున్నర నెలల ముందు బయల్దేరాలి.

మెట్లకు గెలాక్సీ వాడకండి. మే నెల మధ్యాహ్నం నల్ల రాయి మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు, వానకు పాలిష్ జారుతుంది. పూలు పెట్టడానికి వచ్చే ముసలివాళ్లు చెప్పులు విడిచే ఎక్కుతారు. మెట్లకు బల్లికురవ బూడిద రాయి, పాలిష్ లేకుండా గరుకుగా ఉంచింది మంచిది. ఫలకం ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉంటే సాయంత్రపు ఎండ నేరుగా అద్దంలా కొట్టకుండా ముఖచిత్రం కనిపిస్తుంది.

మన జనం దండ వేయకుండా, దీపం పెట్టకుండా ఉండరు, ఉండకూడదు కూడా. దానికి తగ్గట్టు కట్టాలి. దండకు స్టెయిన్‌లెస్ కొక్కేలు పై మూలల దగ్గర, దండ జారి ముఖం మీదికి గానీ పేరు మీదికి గానీ రాకుండా. దీపానికి కింద విడిగా గూడు, నూనె కారకుండా ముందు అంగుళం గట్టు. లేజర్ పనికి నూనె శత్రువు. ఒకసారి పీల్చుకుంటే బూడిద చుక్కలు నల్లబడి ముఖం మాయమైనట్టు అవుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాయమని షాపుల్లోనే చెబుతారు, వినొద్దు. కొబ్బరికాయ కొట్టడానికి పక్కన వేరే రాయి పెట్టండి. కడగడానికి ఉప్పు బోరు నీళ్లు పనికిరావు. ఆరాక తెల్ల చారలు కట్టి, లేజర్ గీతల్లో ఇరుక్కుంటాయి. వాన నీళ్లో, ప్లాంటు నీళ్లో ఒక బకెట్, నాలుగు చుక్కల మామూలు షాంపూ, మెత్తటి గుడ్డ. బాత్రూం యాసిడ్ అస్సలు వద్దు, మరలనూ అతుకులనూ తినేస్తుంది.

స్థలం గురించి రెండు మాటలు. రోడ్డు మీద, రోడ్డు పక్క ప్రభుత్వ జాగాలో కొత్తగా విగ్రహాలు, కట్టడాలు పెట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. సెంటర్లో పెట్టి తర్వాత తీయించే పరిస్థితి వస్తే ఆ కుటుంబానికి అది రెండో దుఃఖం. బడి ఆవరణ గానీ, పంచాయతీ తీర్మానంతో ఇచ్చిన జాగా గానీ, కుటుంబం సొంత నేల గానీ చూసుకోండి. బడి అయితే మా ఓటు దానికే.

ముఖచిత్రం పలకను మరలతో బిగించమన్నది ఇందుకు: రాయి తగిలినా, లేజర్ మసకబారినా, ఆ 11 × 14 అంగుళాల చిన్న ముక్కను ఒక్క మనిషి విప్పి కొత్తది పెట్టగలడు; పెద్ద ఫలకం కదలదు. అది కుదరాలంటే పని అయ్యాక షాపు నుంచి మూడు ఫైళ్లు తప్పక తీసుకోండి: ముఖచిత్రం అసలు స్కాన్, లేజర్‌కు సిద్ధం చేసిన ఫైలు, అక్షరాల కటింగ్ ఫైలు. పలక కొలతలు, మరల సైజు ఒక కాగితం మీద రాయించండి. ఒక పెన్‌డ్రైవ్ కుటుంబానికి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి బడికి.